మెడ పట్టీ తీయాలంటే భయమేస్తోంది

విజయనగరం నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 36. ఇంటి ముందు గదిలో టైలరింగ్ షాపు నడుపుతున్నారు. ఒక పాప. పుట్టిల్లు కవిటి దగ్గర పల్లెటూరు. ఆవిడ ఉత్తరాన్ని కుదించి, వీలైనంత వరకు ఆవిడ మాటల్లోనే ఇస్తున్నాను.

"రథసప్తమికి అరసవల్లి వెళ్లి తిరిగి వస్తున్నాం. మా మరిది కారు. ముందు మా ఆయన, వెనక నేను, అత్తగారు, పాప. నేను మధ్యలో కూర్చున్నాను. రణస్థలం దాటాక ముందు లారీ ఆగితే మా మరిది కూడా ఆపాడు. పాప ఏదో అడిగితే అటు తిరిగి చెబుతున్నాను. అంతలో వెనక నుంచి సామాన్ల వ్యాన్ వచ్చి కొట్టింది. ఎవరికీ చిన్న గీత పడలేదు. డిక్కీ డోరు సొట్టపోయింది, అంతే. వ్యాన్ డ్రైవరు బతిమాలితే డోరు బాగు చేయించడానికి ఐదు వేలు తీసుకుని వచ్చేశాం. పోలీసులకు చెప్పలేదు. వ్యాన్ నంబరు మాత్రం మా మరిది ఫోన్‌లో ఫోటో తీసి ఉంచాడు.

ఆ రాత్రి బాగానే పడుకున్నాను. తెల్లారి దిండు మీంచి తల లేవలేదు. ఎక్స్‌రే తీసి ఎముకలు బాగానే ఉన్నాయన్నారు. వారం రోజులు మెడకు కాలర్ వేసుకోమన్నారు. వారం తర్వాత తీస్తే నొప్పి. మళ్లీ వేసుకున్నాను. నాలుగు నెలలైంది, స్నానానికి తప్ప తీయడం లేదు. విశాఖలో ఎమ్మారై తీస్తే ఐదో ఎముకకూ ఆరో ఎముకకూ మధ్య డిస్క్ ఉబ్బిందని, మెడ వంపు పోయిందని రాశారు. పక్కింటావిడ చూసి, డిస్క్ జారితే కాళ్లూ చేతులూ పడిపోతాయంది. అప్పటి నుంచి నిద్ర లేదు. సాయంత్రమయ్యేసరికి కుడి చేతి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. మెడికల్ షాపులో అడిగి రోజూ రెండు నొప్పి మాత్రలు వేసుకుంటున్నాను.

మా అత్తగారు 'దెబ్బా లేదు, రగతమూ లేదు, ఏటి నొప్పో' అంటారు. మా ఆయనకు తెలిసిన లాయరు నష్టపరిహారం వస్తుందన్నాడు, కేసు తేలేదాకా కాలర్ తీయొద్దన్నాడు. ఆ మాట విని అత్తగారు 'మా సిన్నోడిని కోర్టుకెక్కిత్తావేటి' అని రెండు రోజులు అన్నం తినలేదు. మా అన్నయ్య ఫోన్ చేసి, మా ఊరి వైపు మెడ విరిచి సరిచేసే ఆయన ఉన్నాడు రమ్మంటున్నాడు. శ్రావణం ఆర్డర్లు వస్తున్నాయి. పని నేర్చుకుంటున్న అమ్మాయి ఒక్కతే ఉంది.

షాపులో గుమ్మం నా కుడి భుజం వెనక ఉంటుంది. ఎవరైనా వచ్చి 'అక్కా' అంటే ఇదివరకు మిషన్ తొక్కుతూనే తల తిప్పి పలకరించేదాన్ని. ఇప్పుడు లేచి నిలబడి ఒళ్లంతా తిప్పాలి. నాకు నిజంగా ఏమైంది? ఇది నా మనసులో పుట్టిన జబ్బా? పట్టీ తీస్తే ఏమవుతుంది? షాపు మూసేయనా? కేసు వేయనా?"

అమ్మా, ముందు మీ రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను. నాలుగు నెలలుగా మిమ్మల్ని ఎక్కువగా తినేసింది ఆ ప్రశ్నే అనిపించింది. మీ నొప్పి నిజం. మీ మెడకు దెబ్బ తగిలింది. అది పైకి కనబడని చోట తగిలింది.

దీన్ని విప్‌లాష్ అంటారు. విప్ అంటే కొరడా. కొరడా ఝళిపించినప్పుడు కొస ఎలా విసురుగా వెనక్కి వెళ్లి ముందుకొస్తుందో తల అలా కదులుతుందని, 1928లో అమెరికాలో హెరాల్డ్ క్రో అనే ఎముకల వైద్యుడు ఈ మాట వాడాడు. ఆయన చెప్పింది తల కదిలిన తీరు గురించి. రానురాను అదే జబ్బు పేరైపోయింది.

ఆ రోజు ఏం జరిగిందో ఒక్కసారి నెమ్మదిగా చూడండి. వ్యాన్ కొట్టగానే కారు ముందుకు దూకింది. సీటు మీ వీపును ముందుకు నెట్టింది. తల మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. పెద్దవాళ్ల తల నాలుగున్నర, ఐదు కిలోలుంటుంది. ఆ బరువును మోసేది ఏడు చిన్న ఎముకలు, వాటిని పట్టి ఉంచే కండరాలు, నారలు. వీపు ముందుకొచ్చి తల వెనకబడేసరికి మెడ కింది భాగం వెనక్కీ, పై భాగం ముందుకీ వంగి, ఇంగ్లీషు ఎస్ అక్షరంలా మెలికపడుతుంది. తర్వాత తల మొత్తం వెనక్కి పోయి, మళ్లీ ముందుకు వస్తుంది. అంతా కలిపి అర సెకను కూడా పట్టదు. కండరాలు బిగుసుకుని మెడను కాపాడేలోపే జరగాల్సింది జరిగిపోతుంది. మెడ ఎముకల వెనక వైపు గోరంత కీళ్లుంటాయి. వాటి చుట్టూ ఉన్న పొరలు, నారలు, కండరాలు ఆ విసురుకు సాగి దెబ్బతింటాయి. మీ విషయంలో ఇంకో రెండు తోడయ్యాయి. మధ్య సీట్లో తల ఆనడానికి వెనక ఏమీ లేకపోయి ఉంటుంది. పైగా మీ తల పాప వైపు తిరిగి ఉంది. పక్కకు తిరిగిన మెడ అప్పటికే ఒకవైపు సాగి ఉంటుంది కాబట్టి దెబ్బ ఇంకాస్త గట్టిగా తగులుతుంది. పక్కనే కూర్చున్న మీ అత్తగారికి ఏమీ కాకుండా మీకే ఎందుకు అయిందన్నదానికి ఇది చాలావరకు జవాబు.

డిక్కీ సొట్టపోవడం తప్ప కారుకు ఏమీ కాలేదు కదా అని ఇంట్లో అంటున్నారు. కారుకు ఎంత నష్టమైందో చూసి మెడకు ఎంత అయిందో చెప్పలేం. ఆ రాత్రి బాగానే ఉండి తెల్లారి పట్టేయడం కూడా ఈ దెబ్బ తీరే. సాగిన చోట వాపు, మంట పుట్టడానికి కొన్ని గంటలు పడుతుంది. ఇక ఎక్స్‌రేలో ఎముకలే కనబడతాయి. ఎముక విరగలేదని చెప్పడానికి అది పనికొచ్చింది. కండరానికి, నారకు ఏమైందో అందులో తెలియదు. "ఫోటోలో లేదు కాబట్టి నొప్పి లేదు" అనడం సరికాదని మీ డాక్టరు చేతే మీ అత్తగారికి చెప్పించండి. మీరు చెబితే వాదన అవుతుంది.

ఇప్పుడు మీ నిద్ర పాడుచేసిన ఎమ్మారై సంగతి. జపాన్‌లో మెడ నొప్పి లేని 1,211 మంది ఆరోగ్యవంతులకు మెడ ఎమ్మారై తీశారు. ఆ ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. వాళ్లలో దాదాపు 88 శాతం మందికి డిస్క్ ఉబ్బి ఉంది. ఇరవైల్లో ఉన్నవాళ్లలో కూడా ఎక్కువ మందికి ఉంది. అంటే మీ పక్కింటావిడకు ఎమ్మారై తీసినా ఆ మాటే రాసే అవకాశం ఎక్కువ. "మెడ వంపు పోయింది" అన్నది కూడా కండరం బిగుసుకున్నప్పుడూ, మనం పడుకున్న తీరును బట్టీ కనబడేదే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ కనబడుతుంది. ఉబ్బడం వేరు, ఉబ్బిన డిస్క్ నరాన్ని నొక్కడం వేరు. అది తేలాలంటే రిపోర్టు చదివితే చాలదు. మీ చేతిని పట్టి చూడాలి.

అందుకే మీరు ఈ వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది. వేళ్ల తిమ్మిరి గురించి న్యూరో డాక్టరుకో, ఎముకల డాక్టరుకో చూపించండి. మీ ఊళ్లో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. అవసరమైతే వాళ్లే విశాఖలోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కు పంపుతారు. డాక్టరు మోచేతి దగ్గర చిన్న సుత్తితో కొట్టి చూడాలి, వేళ్ల బలం చూడాలి, దూదితో స్పర్శ చూడాలి. 1995లో కెనడాలోని క్యూబెక్‌లో నిపుణులు ఈ దెబ్బను దశలుగా విడగొట్టారు. నొప్పి, బిగుసుకోవడం మాత్రమే ఉంటే మొదటిది. మెడ తిరగకపోవడం, నొక్కితే ఒకచోట నొప్పెట్టడం కూడా ఉంటే రెండోది. బలం తగ్గడం, స్పర్శ తగ్గడం లాంటి నరాల గుర్తులుంటే మూడోది. ఎముక విరిగినా, తొలిగినా నాలుగోది. మీ ఉత్తరాన్ని బట్టి మీరు రెండో దశలో ఉన్నారనిపిస్తోంది. తిమ్మిరి సాయంత్రం మాత్రమే వచ్చి, పొద్దున్నకు పోతోందని రాశారు. అది ఊరటనిచ్చే సంగతే. అయినా మూడో దశ కాదని చేత్తో చూసినవాళ్లే చెప్పాలి.

ఈ గుర్తులు కనబడితే మాత్రం వారం ఆగొద్దు, అదే రోజు వెళ్లండి: చేతిలో వస్తువులు జారిపోవడం, కాజాలో గుండీ పెట్టలేకపోవడం, రెండు చేతులూ మొద్దుబారడం, నడుస్తుంటే కాళ్లు తడబడటం, మల మూత్రాలు ఆపుకోలేకపోవడం, మెడ వంచగానే వెన్నులోకి కరెంటు షాక్ కొట్టినట్టుండటం. మాట తడబడినా, ఒక వస్తువు రెండుగా కనబడినా, ముఖం ఒకవైపుకు జారినా 108కి ఫోన్ చేయాలి. వీటిలో ఒక్కటీ మీ ఉత్తరంలో లేదు. సూదిలో దారం ఎక్కించగలుగుతున్నానని రాశారు. ఆ ఒక్క ముక్క నాకు చాలా ధైర్యమిచ్చింది.

డాక్టరు చూసి నరానికి ఇబ్బంది లేదంటే, మిగతాదంతా ఈ కాలర్ చుట్టూ తిరుగుతుంది.

కాలర్ వేసుకున్న మొదటి వారం మీరు తప్పేమీ చేయలేదు. చెప్పినట్టే చేశారు. ఇలాంటి దెబ్బకు ఇప్పుడు చాలామంది వైద్యులు కాలర్ ఇవ్వడమే తగ్గించారు. ఇచ్చినా కొద్ది రోజులకే ఇస్తారు. ఎందుకంటే మెడను ఎంతకాలం కదలనివ్వకపోతే కండరం అంత సన్నబడుతుంది, కీలు అంత బిగుస్తుంది. చేయి విరిగి కట్టు కట్టాక ఆరు వారాలకు విప్పితే ఆ చేయి ఎంత సన్నగా, చచ్చుగా ఉంటుందో మీరు చూసే ఉంటారు. విరిగిన ఎముక అతకాలి కాబట్టి ఆ నష్టాన్ని ఓర్చుకుంటాం. మీ మెడలో అతకాల్సిన ఎముక లేదు. వారం తర్వాత పట్టీ తీసినప్పుడు నొప్పి వచ్చింది. మీరు దాన్ని "లోపల ఇంకా తెగి ఉంది" అనుకున్నారు. అది ఎక్కువగా పని తప్పిన కండరం పెట్టిన నొప్పి. భయపడి మళ్లీ పట్టీ వేశారు. కండరం ఇంకా బలహీనపడింది. ఇంకోసారి తీస్తే నొప్పి ఇంకా ఎక్కువైంది. నాలుగు నెలలుగా ఈ గానుగలోనే తిరుగుతున్నారు. ఇరవై ఏళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. మెడ పట్టీతో వచ్చేవాళ్లలో సగం మందిది ఇదే దారి. వాళ్లను తప్పు పట్టాలని నాకెప్పుడూ అనిపించలేదు. పట్టీ వేసుకోమన్నవాళ్లు ఉంటారు గానీ, ఎప్పుడు ఎలా తీయాలో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు ఉండరు.

ఒక్కసారిగా తీసి పారేయమని చెప్పను. ఇంట్లో, కుర్చీలో వీపు ఆనించి కూర్చుని, పొద్దున అరగంట, సాయంత్రం అరగంట తీయండి. రెండు రోజులకోసారి ఇంకో అరగంట కలపండి. రాత్రి పడుకునేటప్పుడు మాత్రం మొదటి రోజు నుంచే వద్దు. మెడ కింద ఖాళీ లేకుండా నిండే దిండు ఒకటి చాలు. రెండు మూడు వారాల్లో పట్టీ పూర్తిగా పక్కన పెట్టగలుగుతారు. తీసిన మొదటి రోజుల్లో నొప్పి కాస్త పెరుగుతుంది. పెరిగిన నొప్పి మర్నాడు పొద్దుటికి మామూలుకి వస్తే మీరు సరైన దారిలో ఉన్నట్టే. మర్నాటికీ తగ్గకపోతే ముందు రోజు చేసినదాంట్లో సగమే చేయండి. పూర్తిగా మానేయొద్దు.

పట్టీ తీసినప్పుడల్లా మెడకు పని చెప్పాలి. వెల్లకిలా పడుకుని, పల్చటి దిండు మీద తల పెట్టి, గోడ మీద పాకుతున్న బల్లిని కళ్లతో వెంటాడినట్టు తలను నెమ్మదిగా కుడికీ ఎడమకీ దొర్లించండి. పది సార్లు. నొప్పి మొదలయ్యే చోట ఆగి వెనక్కి రండి, దాన్ని తోసుకుని పోవద్దు. తర్వాత అలాగే పడుకుని "ఊఁ" అని ఒప్పుకున్నట్టు గడ్డాన్ని కొద్దిగా గొంతు వైపు దించండి. తల దిండు మీంచి లేవకూడదు. కదలిక వేలెడంత కూడా ఉండదు. పది అంకెలు లెక్కపెట్టి వదలండి. చూడటానికి ఇదీ ఒక వ్యాయామమా అనిపిస్తుంది. గొంతు వెనక ఎముకను అంటుకుని ఉండే లోపలి కండరాలకు ఇదే పని. విప్‌లాష్ తర్వాత ముందుగా నీరసించేవి అవే. అవి పని మానేస్తే భుజం మీది పెద్ద కండరాలు ఆ బరువు మోసి మోసి రాయిలా బిగుస్తాయి. మీరు రాసిన "భుజం మీద ఎవరో కూర్చున్నట్టు" అన్నది అదే. మూడోది కూర్చుని చేసేది. వీపు పైభాగంలోని రెండు రెక్క ఎముకలనూ వెనక్కి దగ్గరగా తెచ్చి ఐదు అంకెలు పట్టి వదలండి. ఇవి పూటకోసారి చాలు. రోజూ ఇరవై నిమిషాలు నడవండి, చేతులు ఊపుతూ. కాపడం మీకు హాయిగా ఉంటే పెట్టుకోండి. వీలైతే నాలుగైదు సార్లు ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లి, మీరు చేస్తున్నది సరిగ్గా ఉందో లేదో చూపించుకోండి. కరెంటు పెట్టి పంపేసేవాళ్లకన్నా మీ చేత చేయించేవాళ్లు మేలు.

నొప్పి మాత్రల విషయంలో కాస్త గట్టిగా చెప్పాలి. మీ పుట్టిల్లు ఉద్దానం ప్రాంతం. అక్కడ కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను ఆర్పిందో మీకు నేను చెప్పక్కర్లేదు. మెడికల్ షాపులో ఇచ్చే డైక్లోఫినాక్ లాంటి మాత్రలు నెలల తరబడి రోజూ వేసుకుంటే ఎవరి కిడ్నీలకైనా, కడుపుకైనా చేటు. మీరు అక్కడ పుట్టి పెరిగినవారు కాబట్టి ఇంకా జాగ్రత్తగా ఉండాలి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారో దాచకుండా చెప్పి, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చూసే క్రియాటినిన్ పరీక్ష రాయించుకోండి. ఆ మాత్రలు మానడానికి బదులేమిటో వారే చెబుతారు.

మీ అన్నయ్య మీ మీద ప్రేమతోనే రమ్మంటున్నారు. వెళ్లకండి. మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనుల్లో రెండు, మెడ ఎముకల్లో ఉన్న రంధ్రాల గుండా పోతాయి. మెడను ఒక్క ఊపున విరిస్తే, అరుదుగానైనా, ఆ ధమని లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. మీరు భయపడుతున్న పక్షవాతం డిస్క్ ఉబ్బినందుకు వచ్చేదానికన్నా ఇలా కొనితెచ్చుకునే అవకాశమే నాకు ఎక్కువగా కనిపిస్తోంది. క్షవరం షాపులో మెడ "టక్" మనిపించుకోవడానికీ ఇదే వర్తిస్తుంది. నెమ్మదిగా నూనె రాసి మర్దన చేయించుకుంటే తప్పు లేదు.

ఉత్తరం చివర్లో, పెద్ద విషయం కాదన్నట్టు ఒక మాట రాశారు. బస్సెక్కితే వెనక హారన్ వినబడగానే ముందు సీటు కడ్డీని రెండు చేతులా గట్టిగా పట్టుకుంటారని, దిగాక వేళ్లు నొప్పెడతాయని. అది పెద్ద విషయమే. పట్టుకున్న ప్రతిసారీ మీ భుజాలు చెవుల దాకా లేచి మెడ కూడా బిగుస్తుంది. రణస్థలంలో వెనక నుంచి వచ్చింది మీకు కనబడలేదు, అందుకే ఒళ్లు ఇప్పటికీ కాపలా కాస్తోంది. ఇలాంటి భయం మిగిలినవాళ్లకు మెడ నొప్పి తగ్గడం ఆలస్యమవుతుందని వైద్యులు గమనించారు. దీన్ని పిరికితనం అనుకోవద్దు. మొదట ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి రెండు స్టాపుల దూరం, మీ ఆయనతో కలిసి వెళ్లండి. హారన్ మోగితే ఊపిరి నెమ్మదిగా వదులుతూ భుజాలు కిందికి జార్చండి. కలలు వస్తున్నా, నెల రోజులకు భయం తగ్గకపోయినా మానసిక వైద్యులతో మాట్లాడండి. కారు ఎక్కేటప్పుడు ఇకపై తల వెనక దిండు ఉన్న సీట్లోనే కూర్చోండి. ఆ దిండు పై అంచు మీ నడినెత్తి ఎత్తుకు రావాలి, తలకు వీలైనంత దగ్గరగా ఉండాలి. ఈ మాట మీ మరిదికీ చెప్పండి. చాలా కార్లలో దాన్ని కిందికి దించేసి వదిలేస్తారు.

ఇక కేసు. ఇంట్లో గొడవంతా ఒక అపోహ మీద నడుస్తోంది. నష్టపరిహారం అడిగేది ప్రధానంగా వెనక నుంచి కొట్టిన వ్యాన్ యజమానినీ, ఆ వ్యాన్‌కు బీమా చేసిన కంపెనీనీ. మీ మరిది బండి ఆగి ఉంది. ఆయన మీకు సాక్షి. మీ అత్తగారికి ఎవరైనా ఈ ఒక్క మాట నిదానంగా చెప్పారా? ఆవిడది మీ మీద కోపం కాదు, చిన్న కొడుకు కోర్టు మెట్లెక్కుతాడన్న భయం. ఆ భయం పోతే మీ నొప్పి గురించి ఆవిడ మాట కూడా మారవచ్చు.

గడువు సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు దావా వేయాలన్న నిబంధన 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని మీద కోర్టుల్లో వాదనలున్నాయి, కానీ వాటిని నమ్ముకుని కూర్చోవడం మంచిది కాదు. మీకు నాలుగు నెలలు అయిపోయాయి. వేస్తే ఏమవుతుంది? ఎఫ్‌ఐఆర్ లేదు. ఇప్పుడు ఫిర్యాదు చేస్తే ఆలస్యం ఎందుకైందో చెప్పుకోవాలి. ఐదు వేలు తీసుకున్నప్పుడు ఏ కాగితం మీదైనా సంతకం పెట్టారా అని అడుగుతారు. తిరగాల్సి వస్తుంది, ఎన్నాళ్లు పడుతుందో ముందుగా చెప్పలేరు. మీ వైపు ఆసుపత్రి కాగితాలు, బిల్లులు, వ్యాన్ నంబరు ఫోటో, షాపు ఆర్డర్ల పుస్తకం ఉన్నాయి. వేయకపోతే ఆ ఖర్చు మీదే అవుతుంది, తలనొప్పి తగ్గుతుంది. రెండింట్లో ఏది మేలో ఇంటి పరిస్థితి తెలిసిన మీరే తేల్చుకోవాలి. తేల్చుకునే ముందు ఒకసారి కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి అడగండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా న్యాయ సహాయం అందుతుంది. 15100కి ఫోన్ చేసినా చెబుతారు.

కేసు వేసినా వేయకపోయినా, దాని కోసం కాలర్ ఉంచుకోమన్న సలహా మాత్రం వినకండి. కోర్టులో మాట్లాడేవి డాక్టరు రాసిన కాగితాలు, బిల్లులు. తీర్పు వచ్చేదాకా పట్టీలో ఉన్న మెడను తర్వాత ఏ పరిహారమూ తిప్పలేదు.

షాపు విషయంలో మీకు మూడు దారులు కనిపిస్తున్నాయి. నొప్పి పూర్తిగా పోయేదాకా మూసేయడం ఒకటి. ఈ దెబ్బ తగిలినవాళ్లలో సుమారు సగం మంది మూడు నెలల్లో కోలుకుంటారు. మిగతావాళ్లకు నెమ్మదిగా తగ్గుతుంది, ఏడాది తర్వాత కూడా చాలామందికి ఎంతో కొంత మిగులుతుంది. మీకు నిజం తెలియాలని చెబుతున్నాను. సున్నా నొప్పి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఆర్డర్లు పోతాయి, చేతిలో పని లేక ధ్యాసంతా మెడ మీదే ఉంటుంది. రెండోది, మాట పోతుందని శ్రావణం జాకెట్లన్నీ ఒప్పుకోవడం. వరలక్ష్మీ వ్రతం ముందు వారం టైలరు షాపుల్లో రాత్రి పన్నెండింటి దాకా లైటు ఎలా వెలుగుతుందో నాకు తెలుసు. అలా ఒక్క వారం చేస్తే మూడు నెలల కష్టం వెనక్కి పోతుంది. మూడోది, ఈసారి మూడో వంతు ఆర్డర్లే తీసుకోవడం. మెడ నొప్పి అని ముందే చెప్పి, మిగతావి తెలిసిన ఇంకో షాపుకు పంపండి. కొలతలూ కటింగూ మీరు చూసుకుని, నేరు కుట్లు ఆ అమ్మాయికి ఇవ్వండి. ఆదాయం తగ్గుతుంది, పిల్ల చేతిలో ఒకటి రెండు జాకెట్లు పాడవ్వచ్చు. అయినా నా మనసు దీని వైపే మొగ్గుతోంది.

ఏ దారి ఎంచుకున్నా కూర్చునే తీరు మార్చాలి. నేల మీద గుడ్డ పరిచి వంగి కత్తిరించడం మానేసి, నడుము ఎత్తున్న బల్ల మీద నిలబడి కత్తిరించండి. హెమ్మింగ్, హుక్కులు కుట్టేటప్పుడు ఒళ్లో రెండు దిండ్లు పెట్టుకుంటే గుడ్డే కళ్ల దగ్గరికి వస్తుంది, మెడ గుడ్డ దగ్గరికి పోనక్కర్లేదు. మొదటి వారం ఫోన్‌లో పది నిమిషాలకు అలారం పెట్టుకుని మిషన్ మీద కూర్చోండి. బాగా ఉన్నా సరే, మోగగానే లేవండి. వారానికి రెండు మూడు నిమిషాలే పెంచండి. బాగున్న రోజు ఎక్కువ చేసి మర్నాడు పడకేయడం అందరూ చేసే పొరపాటు. ఇంట్లో నీళ్లు రెండు సగం బకెట్లుగా రెండు చేతుల్లో మోయండి. నిండు బకెట్ ఒక చేత్తో ఎత్తొద్దు.

చివరిగా ఒక పని. మీ మిషన్ ముందు ఎప్పటిలా కూర్చుని, పట్టీ తీసి, ఒళ్లు కదలకుండా తల కుడివైపు తిప్పండి. నొప్పి మొదలయ్యేలోపు కంటికి ఆనిన చోట గోడ మీద మార్కింగ్ చాక్‌పీసుతో ఆ అమ్మాయి చేత ఒక గీత గీయించండి. పక్కన తేదీ వేయించండి. ప్రతి ఆదివారం మళ్లీ ఒకటి. డాక్టరు ఏమన్నారో, నాలుగో ఆదివారానికి గీత గుమ్మం వైపు ఎంత జరిగిందో నాకు రాయండి.